తొంభై ఐదు శాతం

ఆర్విల్ టీగ్‌ను చంపినవాళ్లు ముందు అతని చేతివేళ్లు విరిచారు. తొందర పడకుండా, ఒక్కొక్కటిగా, పదీ విరిచారు. పాత తుపాకుల స్థితి చూసి చెప్పడంలో టెక్సాస్ మొత్తం మీద టీగ్‌ను మించినవాడు లేడు. ఆ వేళ్లతో తడిమి, ఏ రివాల్వర్ ఎవరి చేతిలో ఎలా బతికిందో చెప్పేవాడు.

"శవాన్ని చూస్తావా?" అన్నాడు చీఫ్ మెర్సర్.

"వద్దు సార్," అంది రూత్ ఆన్.

ఆమె టీగ్ శిష్యురాలు. ఏజెంటుగా చేరి మూడేళ్లయింది. ఆయన చెయ్యాల్సిన పని ఇప్పుడు ఆమెది.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. అమరిల్లో ఊళ్లో పాత తుపాకులు సేకరించేవాళ్ల మేళాలో క్లే హాలిస్టర్ అనే పశువుల రాంచ్ యజమాని ఒక పాత సింగిల్ యాక్షన్ రివాల్వర్ అమ్ముతున్నాడు. మధ్యాహ్నం పన్నెండుకి వచ్చి కొనేవాడు ఒక విదేశీ ఎంబసీ మనిషి. రివాల్వర్ పిడి లోపల మైక్రోఫిల్మ్ ఉందని అనుమానం. ఆ దేశంలో దాక్కుని మనకు పనిచేస్తున్న నలుగురి పేర్లు అందులో ఉన్నాయి. మూడో పేరు కర్టిస్ కోట్స్. రూత్ ఆన్‌కి సొంత అన్న.

ఫిల్మ్ ఉందని తేలకుండా ఎంబసీ మనిషి మీద చెయ్యి వేయడానికి లేదు. అయితే మేళా గేటు దగ్గర ప్రతి తుపాకీకీ, దాన్ని పరీక్షించినవాళ్లు రాసిచ్చిన సర్టిఫికెట్ చూస్తారు. ఆ రోజు చూసేది మెర్సర్ మనిషి.

"తుపాకీకి తయారైనప్పటి మెరుగు ఎంత శాతం మిగిలిందో అందులో రాస్తారు కదా. ఫిల్మ్ ఉంటే తొంభై ఐదు అని రాయి. లేకపోతే తొంభై. లోపల డెల్ఫీన్ సాయం చేస్తుంది."

"ఆవిడ వాళ్లకి కూడా పనిచేస్తుంది కదా సార్."

"మనకే ఎక్కువ చేస్తున్నానంటుంది," అన్నాడు మెర్సర్.

పదకొండున్నరకి, నెరిసిన విగ్గు, లావు కళ్లద్దాలతో రూత్ ఆన్ హాలు వెనక గదిలోకి అడుగుపెట్టింది. గోడ అవతల షూటింగ్ పోటీ జరుగుతోంది. ఆగి ఆగి తుపాకులు పేలుతున్నాయి. హాలిస్టర్ టోపీ తీసి పలకరించాడు. అతని పక్కన ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్ మెడకి చుట్టుకుని డెల్ఫీన్ కూర్చుంది. ఆమెను చూస్తే ఎవరికైనా మాట తడబడుతుంది.

"ఇది వానలో తడిసిందా?" అని అడిగింది రూత్ ఆన్.

"లారెడోలో ఒక్కసారి," అంది డెల్ఫీన్. కోడ్ సరిపోయింది.

వెనక నుంచి తూటాని కొట్టి పేల్చే హ్యామర్‌ని లాగొచ్చా అని రూత్ ఆన్ అనుమతి అడిగింది. అడక్కుండా లాగేవాణ్ణి ఆ మేళాలో మళ్లీ అడుగు పెట్టనివ్వరు. బొటనవేలితో మెల్లగా లాగింది. నాలుగు క్లిక్కులు, నాలుగూ శుభ్రంగా వినిపించాయి. తయారీ నంబరు మూడు చోట్లా ఒకటే. గొట్టం లోపల తుప్పు లేదు. తర్వాత భూతద్దం పిడి స్క్రూ మీద పెట్టింది. అందులో చిన్న కెమెరా ఉంది. ఎనభై ఏళ్ల నాటి స్క్రూ గాడి అంచు నలిగి, కొత్త ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఈ వారంలోనే ఎవరో మొరటుగా విప్పి బిగించారు.

ఆమె పెన్ను తీసింది.

"ఆ విగ్గు లాగు క్లే," అంది డెల్ఫీన్ గోళ్లు చూసుకుంటూ. "టీగ్ శిష్యురాలు. తొంభై ఐదు అని రాస్తుంది. ఆ అంకె చూస్తే గేటు దగ్గర పట్టుకుంటారు. తొంభై రాయించు."

హాలిస్టర్ తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"ముసలాడు పదో వేలిదాకా నీ పేరు చెప్పలేదమ్మాయ్. ఇంత కష్టం ఎందుకు పడ్డానా అనిపిస్తోంది. డెల్ఫీన్‌కి ఒక కాఫీ ఇప్పిస్తే చెప్పేది."

సొరుగులోంచి తూటాలు తీసి ఆ రివాల్వర్‌లోనే నింపాడు. రూత్ ఆన్ లెక్కపెట్టింది. ఆరు. హ్యామర్‌ని పూర్తిగా దించి, రివాల్వర్‌ని నడుం బెల్టులో దోపుకున్నాడు.

పద్నాలుగేళ్లుగా అతను టెక్సాస్ మనిషిగా చెలామణీ అవుతున్నాడు. ఆ టోపీ, ఆ యాస, చిల్లీ అనే మాంసం కూరలో చిక్కుడు గింజలు వేస్తే తిట్టే ఆ తిట్లు, అన్నీ నేర్చుకున్నాడు. ఇది మాత్రం ఎవరూ నేర్పలేదు. ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు, ఈ రకానికి ఐదే పెడతారు. సిలిండర్‌లో ఆరో గది ఖాళీగా ఉంచి, హ్యామర్‌ని ఆ ఖాళీ మీద దించుతారు. తూటా మీద దించితే వెనక ఒక్క దెబ్బ చాలు, పేలుతుంది. టీగ్ చెప్పిన మొదటి పాఠం అదే.

"తొంభై," అన్నాడు హాలిస్టర్. ఆమె పక్కన వంగి, ఎడమ చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. "ఇంకా తొమ్మిదున్నాయి."

గోడ గడియారం పన్నెండుకి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. అతను ఉంగరం వేలు పట్టుకున్నాడు.

రూత్ ఆన్ పెన్ను వదిలేసింది. కాగితం మీది ఇత్తడి బరువు అందుకుని, అతని బెల్టులోంచి పొడుచుకొచ్చిన హ్యామర్ మీద బలం కొద్దీ కొట్టింది.

గది దద్దరిల్లింది. అవతల పోటీలో ఎవరూ తల తిప్పలేదు. తూటా తొడలోంచి కిందికి దిగింది. హాలిస్టర్ కూలబడ్డాడు. నెత్తురు పొంగి వస్తోంది.

రూత్ ఆన్ రివాల్వర్ లాక్కుని సిలిండర్ వైపు చూసింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అంది అతనితో. "ఐదు."

తర్వాత గొట్టం డెల్ఫీన్ వైపు తిప్పి, స్కార్ఫ్‌తో కాలికి కట్టు కట్టమంది. గట్టిగా బిగిస్తే బతుకుతాడు.

డెల్ఫీన్ స్కార్ఫ్ మీద చెయ్యి వేసుకుంది. హాలిస్టర్ ఆమె వైపే చూస్తున్నాడు.

"ఇది పారిస్ పట్టు," అంది డెల్ఫీన్. "అయినా నేను మొదట్నించీ మీ వైపే కదా."

రూత్ ఆన్ రెండోసారి అడగలేదు. డెల్ఫీన్ మణికట్టుకీ హాలిస్టర్ మణికట్టుకీ కలిపి బేడీ వేసింది. విగ్గు సర్దుకుని, తూటాలు దులిపేసి, రివాల్వర్ తుడిచి పెట్టెలో పెట్టి, సర్టిఫికెట్ రాసింది. తలుపు తట్టిన చప్పుడైంది. అప్పటికి హాలిస్టర్ కదలడం మానేశాడు. రూత్ ఆన్ విరిగిన వేలుని వెనక దాచుకుని, తలుపు జానెడు తెరిచి, పెట్టెనీ సర్టిఫికెట్‌నీ ఎంబసీ మనిషికి నవ్వుతూ అందించింది.

గేటు దగ్గర అతన్ని పట్టుకున్నారు. పిడి విప్పితే ఫిల్మ్ ఉంది. సాయంత్రం మెర్సర్ సర్టిఫికెట్ చదివాడు. "తొంభై ఐదు శాతం. హ్యామర్ పనిచేస్తుంది. స్వయంగా పరీక్షించాను."

"కోడ్ సంగతి పక్కన పెట్టి నిజంగా చూస్తే, వందలో ఎంత తగ్గించాలి దీనికి?" అని అడిగాడు.

రూత్ ఆన్ వేలికి వేసిన కట్టు సరిచేసుకుంది.

"ఐదే సార్. స్క్రూ పాడుచేశారు."