ఎర్రబడిన గొంతుకాపరి

ఆ పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. ఎండ తగ్గించడానికి విమానాలు చల్లిన నీడపొడి ఇంకా పైనే తేలుతోంది. సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో తెలియదు. నేలమీద దేనికీ నీడ లేదు. ఉక్క మాత్రం తగ్గలేదు.

పాత ఊరిని సముద్రం మింగాక జనమంతా కొండమీది కాలనీలో సర్దుకున్నారు. అక్కడ గౌరమ్మ ఇల్లు మధ్యలో ఉంటుంది. కుడిపక్క పెద్దన్న పైడయ్య, ఎడమపక్క చిన్నన్న సూరయ్య. కొండమీద ఇచ్చిన స్థలం పంచుకునేటప్పుడు మాటామాటా పెరిగింది. అప్పటినుంచి ఒకడున్న చోటికి రెండోవాడు రాడు.

గౌరమ్మకు పడుచు వయసులో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. గ్రంథి మొత్తం తీసేసి, దాని బదులు రోజూ వేసుకోమని థైరాక్సిన్ మాత్ర ఇచ్చారు. అలాంటివాళ్లను బతికున్నంతకాలం కనిపెట్టుకుని ఉండాలి. ఇరవై ఏళ్ల తర్వాత కూడా జబ్బు తిరిగి రావచ్చు. పూర్వం ఆస్పత్రుల చుట్టూ తిప్పేవారు. ఇప్పుడు కోత మచ్చ కింద నువ్వుగింజంత యంత్రం పెడుతున్నారు. దాని పేరు గొంతుకాపరి. గ్రంథి లేని మనిషి రక్తంలో థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ కనపడకూడదు. కనపడిందంటే ఎక్కడో కణాలు మిగిలి ఉన్నట్టే. అప్పుడు మచ్చ ఎర్రగా వెలుగుతుంది.

ఎరుపు చూసి భయపడి దాచుకునేవాళ్లు ఎక్కువ. అందుకని కాపరిని తయారుచేసిన డాక్టర్ హైమవతి ఇంకో ఏర్పాటు పెట్టింది. రోగి ఎంచుకున్న ఇద్దరు దగ్గరివాళ్లకు కాపరే కబురు పంపుతుంది. ఆ ఇద్దరూ వచ్చి ఎదురుగా కూర్చుని ఫలితం వినాలి.

గౌరమ్మ చెప్పిన పేర్లు అన్నలిద్దరివీ.

ఏడాదికోసారి ఆమె గొంతు ఎర్రబడేది, అన్నలు వచ్చేవారు, కొన్నాళ్లకు ఎరుపు దానంతటదే ఆరిపోయేది. యంత్రంలో లోపమేమోనని ఈసారి హైమవతి స్కానింగు బండితో తానే కొండెక్కి వచ్చింది. స్కాన్ తీశాక కాపరి లెక్కలు చదివి పైకి చెప్పే, కొత్త కొలతలు నేర్పిన చదువరి యంత్రాన్ని మచ్చమీద ఆనించింది.

"లోపం కాపరిదేనా?" అని దాన్ని అడిగింది.

"కాదు," అంది చదువరి. "మెదడు పంపే టీఎస్‌హెచ్ హార్మోను విపరీతంగా పెరిగింది. ఈమె వారాలుగా థైరాక్సిన్ మాత్ర వేసుకోవడం లేదు."

గౌరమ్మ అంత ఉక్కలోనూ దుప్పటి కప్పుకుని కూర్చుంది. మొహం ఉబ్బింది.

"మాత్ర ఎందుకు మానేశావమ్మా?"

"ఎనకట స్కానింగు ముందర మానమనేవోరు కదా డాక్టరమ్మా. మానితే ఎర్రబడతాదని, మళ్లీ ఏసుకుంటే ఆరతాదని అలా తెలిసింది." మాట బరువుగా, మెల్లగా వచ్చింది. "నేకపోతే ఈ మారాజులిద్దరూ ఒక్క గడప తొక్కుతారా?"

"మిగిలిన కణాల్ని నిద్రపుచ్చేది ఆ మాత్రేనమ్మా. మానినప్పుడల్లా నువ్వే వాటిని లేపావు."

హైమవతి స్కాన్ బొమ్మ చూపించింది. ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు క్యాన్సర్ గడ్డలున్నాయి. అలాంటివాటిని చంపడానికిచ్చే అయోడిన్ మందుకు కూడా అవి లొంగే రకం కాదు.

"ఈసారి ఈ ఎరుపు ఆరదు," అంది.

గౌరమ్మ దుప్పటి ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

పైడయ్య వచ్చాడు. "ఏటి సెల్లీ, మళ్లీ దీపం ఎలిగించావా? కాలనీ అంతా కరెంటు పోయినా నీకు పోదు!"

వెనకే సూరయ్య గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ పెద్దమనిషిని కాస్త జరగమను. కూకుంటాను."

హైమవతి ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. మాత్ర మానడమూ, ఎందుకు మానిందీ, ఊపిరితిత్తుల సంగతీ.

"మాత్రలు మానేస్తాదని తెలుసు," అన్నాడు సూరయ్య. "మొదటిసారే తెలిసింది. మొహం ఉబ్బుతాది, ఎండలో దుప్పటి కప్పుతాది. సూత్తే తెలీదేటి?"

"నాకూ తెలుసు," అన్నాడు పైడయ్య నేల చూస్తూ.

హైమవతికి కోపం ఆగలేదు. "మరి వద్దని ఎందుకు చెప్పలేదయ్యా?"

"సెప్తే మాత్ర ఏసుకుంటాది," అన్నాడు పైడయ్య. "గొంతు ఎర్రబడదు. ఈడు రాడు. ముందుగా నేనెలాగెల్తాను ఈడి దగ్గిరికి?"

"ఇంత ముదురుతాదని ఎవుడికి తెలుసు?" అన్నాడు సూరయ్య. ఆ మాట అన్నతోనే అన్నాడు, మొహంలోకి చూసి.

గౌరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. గోడ పట్టుకుని లేచి కంచాలు పెట్టింది. అన్నం, చెరువు చేపల పులుసు. డాక్టరమ్మకూ ఒక కంచం పెట్టి తనూ కూర్చుంది.

పైడయ్య తన కంచంలోంచి ఒక ముక్క తీసి తమ్ముడి కంచంలో వేశాడు. సూరయ్య వద్దనలేదు. నలుగురూ కలిసి తిన్నారు.