చక్రి నాలుకతో ఏడు పాలు

"వచ్చేసిందండీ! అనుమతి వచ్చేసింది!"

మంగతాయారు పిల్లాణ్ణి చంకనేసుకుని రుచిశాల గుమ్మంలోకి దూసుకొచ్చే సమయానికి విశాలి పుక్కిలిస్తోంది. నోటినిండా సమపాలు. నియమం ప్రకారం తొంభై సెకన్లు బుగ్గల మూలల దాకా తిప్పాలి. మధ్యలో మాట్లాడకూడదు. అందుకని ఉబ్బిన బుగ్గలతోనే రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది.

గోడలోని తూనిక యంత్రం కూడా అదే కబురు తన చదును గొంతుతో చదివింది. "చక్రధర్, పద్దెనిమిది నెలలు, తాళ్లరేవు వార్డు. పడనితనపు అనుమానం స్వీకరించడమైనది. పాలు మార్చుటకు అనుమతి. గడువు సాయంత్రం అయిదు. రుచిదారు విశాలి. ఏవగింపు సూచీ నలభైకి లోపున్న పాలు దొరకనిచో, పిల్లవాడు రేపు ఉదయం గొట్టపు గదికి."

ఆ చివరి వాక్యాన్ని మంగతాయారు చెవిన వేసుకోలేదు. నాలుగు నెలలుగా అడుగుతోంది మరి. ఆవులు పోయాక, ఈస్టు తొట్లలో పొంగించిన ఆవుపాలే సమపాలు. మూడేళ్లలోపు పిల్లలందరికీ ఒకటే పాలు, ఒకటే కొలత. చక్రి తాగిన ప్రతిసారీ కక్కుతాడు. పొట్ట డోలులా ఉబ్బుతుంది. చెంపల మీద దద్దుర్లు లేస్తాయి. తాగనని మొరాయించిన పిల్లలకు ఉన్నది గొట్టపు గది ఒక్కటే: ముక్కులోంచి సన్నని గొట్టం, ఇరవై ఒక్క రోజులు, తల్లి అద్దం అవతల.

విశాలి పాలు ఉమ్మేసి మూతి తుడుచుకుంది. "ఇంతకీ మీవాడు ఏమంటున్నాడండీ?"

"ఒక్కటే మాట వచ్చండీ ఆడికి. తెల్లగా ఏది కనపడినా 'ఛీ' అంటాడు. మొన్న మా మావగారు కొత్త పంచె కట్టుకొత్తే దాన్నీ అన్నాడు. ఆయన రెండ్రోజులు అలిగేరు."

చక్రి విశాలి తెల్లకోటును పైనుంచి కిందదాకా చూసి, "ఛీ" అన్నాడు. విశాలికి నవ్వాగలేదు. ఆ పూట మొత్తానికి ఆమె నవ్వింది అదొక్కసారే.

తూనిక పిల్లాడి నాలుకను పత్తితో తుడిచి పావుగంటలో రెండు పొరలు అల్లింది. ఒకటి వాడకానికి, ఒకటి చిరిగితే అవసరానికి. చేప పొలుసంత పల్చగా ఉన్న పొరను విశాలి నాలుక మీద పరుచుకుని అంగిలికి అదిమింది. ఇక నాలుగు గంటల పాటు అది చక్రి నాలుక. ఒంటికి పడనిదేదో నాలుకకే ముందు తెలుస్తుందన్నది రుచిశాల నమ్మిన సూత్రం. గొంతుకు కట్టిన పట్టీ వెగటును కొలిచి సున్నా నుంచి నూరు దాకా అంకె చెబుతుంది.

ఈ పనంటే ఆమెకు ప్రాణం. పోయినవారం ఒక పాప నాలుకతో కొబ్బరిపాలు చప్పరించినప్పుడు లోకమంతా పాయసంలా తోచింది. ఆ రుచి ఎలా ఉందో చెప్పి చెప్పి, పెళ్లయి నలభై రోజులన్నా నిండని మొగుణ్ణి రాత్రి భోజనం చల్లారేదాకా కూర్చోబెట్టింది. ఇవాళ చెప్పడానికి అలాంటిదే ఇంకోటి దొరుకుతుందనుకుంటూ మొదటి గిన్నె ఎత్తింది.

బాదంపాలు. తడిసి మగ్గిన గోనెసంచి నోట్లో కుక్కినట్టయింది.

"డెబ్బై ఒకటి," అంది తూనిక.

సోయాపాలు చేపలు కడిగి మూడు రోజులు మూలన పెట్టిన నీళ్లలా ఉన్నాయి. డెబ్బై ఎనిమిది. ఓట్స్ పాలు ఇంకా ఘోరం. జలుబు చేసినవాడి రుమాలు నాకినట్టు, జిగురుగా, వెచ్చగా. ఎనభై మూడు. మింగకుండా ఉమ్మితే కొలత చెల్లదు కనుక మింగింది. ఆ గుటక సగం దూరం వెళ్లి కాసేపు ఆగింది.

"ఎలా ఉన్నాయండీ?" తలుపు దగ్గర్నుంచి మంగతాయారు అడిగింది.

"ఇంకా నాలుగున్నాయిలెండి."

బియ్యప్పాలు ఎంగిలి కంచాలు నానేసిన తొట్టిలా. అరవై తొమ్మిది. కొబ్బరిపాలు, ఆ పాయసం లాంటి కొబ్బరిపాలే, పది రోజులు కడగని తలలా. ఎనభై. పైరుచి ఒక్కో గిన్నెకూ మారుతోంది గానీ అడుగున ఒకే కంపు. పులిసిన, మీగడ కట్టిన, ఒంటివేడితో ఉన్న కంపు. ఏ గిన్నె ఎత్తినా అదే ముందు వచ్చి కూర్చుంటోంది.

బఠాణీపాల దగ్గర ఆమె వల్ల కాలేదు. గిన్నె బల్ల మీద పెట్టేలోపే పళ్లెం దగ్గరికి లాక్కుంది. పొద్దున తిన్న ఇడ్లీతో సహా పళ్లెంలోకి వచ్చేసింది. తూనిక మర్యాదగా "తొంభై నాలుగు" అంది.

పర్యవేక్షకుడు కామేశ్వరరావు గారు పక్కగదిలోంచి లేచి వచ్చారు. ముప్ఫై ఏళ్లుగా రుచిశాలలో ఉన్న మనిషి. విశాలికి పొర వేసుకోవడం నేర్పింది ఆయనే. "వాంతి కూడానా? ఇది మొండి నాలుకేనమ్మా. ఏ పాలిచ్చినా ఇంతే. ఒంటికి పడక కాదు, ఒట్టి మారాం. ఏడోది చూసినట్టు రాసేసి దస్త్రం మూసెయ్. నీ ఒళ్లు చెడుతుంది."

"అదేంటండీ, ఇంకోటుంది కదా!" అంది మంగతాయారు. ఏడో గిన్నె వైపు వేలు చూపించింది.

"చూస్తానండీ. ముందు నోరు కడుక్కోనివ్వండి," అంది విశాలి. నోరు కడుక్కోవడమంటే ఆరేళ్ల అలవాటుకు తెలిసింది ఒక్కటే. చెయ్యి దానంతటదే సమపాల చెంబు అందుకుంది. నోటినిండా పోసుకుంది.

మామూలుగా పుక్కిలింత పొర వేసుకునే ముందు చేస్తారు. పొర మీద ఎప్పుడూ చెయ్యరు.

తల పగిలినట్టయింది. అప్పటిదాకా గిన్నెల అడుగున నక్కి ఉన్న కంపు ఒక్కసారిగా నోరంతా నిండింది. చచ్చిన జంతువు పొదుగును నోట్లో పెట్టుకున్నట్టు. బతికి ఉన్న పొదుగైనా ఆమె ఎన్నడూ చూడలేదు, అయినా ఆ పోలికే తోచింది. గొంతు పట్టీ కుయ్యిమని అరిచింది. కక్కడానికి కడుపులో ఏమీ మిగల్లేదు కనుక పసరు వచ్చింది. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతుండగా విశాలి బల్ల అంచు పట్టుకుని నేల మీద కూలబడింది.

పాలు చెడిపోలేదు. ఇందాక పుక్కిలించినవీ ఈ చెంబులోవే. అప్పుడు తన నాలుక, ఇప్పుడు చక్రి నాలుక. అంతే తేడా.

మెల్లగా అర్థమైంది. ముందు సమపాలతో పుక్కిలిస్తాం. ఆ తడి మీదే పొర పరుస్తాం. ఆ చుక్క పొర కింద ఇరుక్కుని నాలుగు గంటలూ ఊరుతూ ఉంటుంది. సమపాలు పడే పిల్లల నాలుకకు ఆ చుక్క తెలియదు. పడని పిల్లల నాలుకకు మాత్రం ఏ గిన్నె ఇచ్చినా దాన్నే తాగించినట్టు.

పోయినవారం కొబ్బరిపాలు రాసిచ్చిన పాప వరండాలో కూర్చుని సమపాల సీసా గుటగుటా ఖాళీ చెయ్యడం గుర్తొచ్చింది. మార్పు అక్కర్లేని పిల్లకు మార్పు ఇచ్చాం.

విశాలి లేచి పొర ఒలిచి పారేసింది. బద్దతో నాలుక గీసుకుంది. కుళాయి కింద మంచినీళ్లతో మూడుసార్లు పుక్కిలించింది.

"నియమోల్లంఘన," అంది తూనిక. "పుక్కిలింత లేని కొలత చెల్లదు."

"చెల్లకపోతే పోయింది. అంకె చెప్పు, చాలు." రెండో పొర పరుచుకుని ఏడో గిన్నె ఎత్తింది. కొర్రపాలు. కొంచెం మట్టివాసన, కొంచెం తీపి. గుటక దారిలో ఎక్కడా ఆగలేదు.

"తొమ్మిది."

బియ్యప్పాలు మళ్లీ తాగింది. పదిహేడు. సమపాలు వేలి కొసతో అద్దుకుంది. తొంభై ఏడు.

కామేశ్వరరావు గారు అంకెలు చూసి కుర్చీలో కూర్చున్నారు. "ఆ పుక్కిలింత పెట్టింది నేనేనమ్మా," అన్నారు. "నీళ్లకు ఊరికో రుచి ఉంటుంది, సమపాలకు ఎక్కడైనా ఒకటే రుచి, అందరికీ అదే సున్నా అనుకున్నాను."

"మీరు నేర్పారు, నేను చేశాను సార్. ఆరేళ్లలో మొండి నాలుకని రాసి ఎంతమందిని పంపాను?"

"నువ్వు మూసినవాటిలో ఇంకా మూడేళ్లు నిండనివారివి రెండు వందల పన్నెండు," అంది తూనిక, తననే అడిగారనుకుని.

ఈ మాటలన్నీ మంగతాయారుకు సగమే అర్థమయ్యాయి. "మా వోడికి పాలు దొరికినట్టేనా అండీ?"

"దొరికాయి. కానీ ఈ కొలత చెల్లదంటోంది."

"సెల్లదా? ఏదీ, ఆ పొరేదో నాకియ్యండి. తల్లిని, నేను సెబుతాను."

నియమాల్లో అలాంటిదేమీ లేదు. వద్దని కూడా ఎక్కడా లేదు. తూనిక ఇంకో పొర అల్లింది. విశాలి ఆమె చేత మంచినీళ్లు పుక్కిలింపించి పొర వేసింది. మంగతాయారు సమపాలు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంది. మొహం ముడుచుకుపోయింది. రెండు చేతులతో నోరు మూసుకుని పళ్లెం దాకా పరుగెత్తింది. కక్కుకుని, వగర్చుకుని, పొర లాగి పారేసి, నేల మీద ఆడుకుంటున్న పిల్లాడి వైపు తిరిగింది.

"దీన్నా నేను ముక్కు మూసి పట్టించాను నాయనా? నాలుగు నెలలు?" అంది. చక్రి తల్లి మూతి దగ్గర తెల్లటి తడి చూసి "ఛీ" అన్నాడు. "ఛీయే నాన్నా. ముమ్మాటికీ ఛీ," అని వాణ్ణి గుండెలకు హత్తుకుంది.

నాలుగూ నలభై అయింది.

"సార్, పద్నాలుగో నియమం ఏమిటో ఒకసారి చదివించండి," అంది విశాలి.

కామేశ్వరరావు గారు ఉలిక్కిపడ్డారు. "వద్దమ్మాయ్. అది జలుబు చేసిన రుచిదారుల కోసం రాసుకున్నది. ఎవరూ వాడలేదు. వాడితే మళ్లీ జన్మలో పొర ముట్టుకోనివ్వరు. ఈ ఒక్క పిల్లాడి అంకె నేను ఎలాగో సర్దిస్తాను. ఇంటికి పో."

"మిగతా రెండు వందల పన్నెండు మందివీ సర్దిస్తారా?"

తూనికే చదివింది. "రుచిదారు తన నాలుకను తానే అనుమానించినచో, ఆ నాలుక మూసిన, మూడేళ్లు నిండని పిల్లల దస్త్రములన్నియు తెరుచుకొనును. తిరిగి కొలత తేలువరకు ఎంపిక తల్లిది. రుచిదారు పదవి రద్దగును."

విశాలికి పాయసం లాంటి కొబ్బరిపాలు గుర్తొచ్చాయి. గొంతు పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది.

"రాసుకో. రుచిదారు విశాలి. నా నాలుక మీద నాకు నమ్మకం లేదు. ఈ ఆరేళ్లలో ఏనాటి కొలత మీదా లేదు."

గోడ నిండా దస్త్రాలు ఒక్కొక్కటే వెలగసాగాయి. పేరూ, నెలలూ, వార్డూ. కొన్ని పేర్ల పక్కన గొట్టపు గది పడక సంఖ్య కూడా ఉంది. "మా వోడికి ఆ కొర్రపాలే ఇయ్యండి," అంది మంగతాయారు.

"చక్రధర్: కొర్రపాలు, తల్లి ఎంపిక," అంది తూనిక. "తక్కిన రెండు వందల పన్నెండు దస్త్రములకు రుచిదారు లేరు. రేపటి కార్యక్రమం తెలుపవలెను."

విశాలి కామేశ్వరరావు గారి వైపు చూసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. గోడ దగ్గరికి నడిచి, పర్యవేక్షకుడి అరచేయి ఆనించే చోట చెయ్యి ఆనించారు.

"చెప్పమ్మా," అన్నారు.

"రేపు పొద్దున్న ఎనిమిదింటికి గొట్టపు గది తలుపులు తీస్తాం," అంది విశాలి. "ఈ పిల్లల తల్లులందరికీ ఈ సాయంత్రమే కబురు వెళ్లాలి. ఒక్కొక్కరికీ వాళ్ల బిడ్డ నాలుకపొర అల్లి ఉంచు. ఏడు పాలూ వరసగా పెట్టు, ఎనిమిదో గిన్నెలో సమపాలు. రేపు రుచి చూసేది తల్లులే."