పట్టులేని వేళ్ళు

అమెరికా తూర్పు తీరాన ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, పట్టపగలు, కారు డిక్కీలో బియ్యం బస్తా సర్దుతున్న కృష్ణమోహన్‌ని వెనకనుంచి కాల్చారు. ఒక్కటే తూటా. సైలెన్సర్. కాల్చిన మనిషి తొందరపడలేదు, డిక్కీ మూసి మరీ వెళ్ళింది. కెమెరాకి చిక్కింది ఒక ఎర్ర స్కార్ఫ్, ఒక నింపాది నడక.

పడమటి తీరాన బాతెల్‌లో ఆ వీడియో చూసిన వసుమతి నడకని గుర్తుపట్టింది. ఆ నడక నేర్పింది తనే.

భర్త కృష్ణమోహన్ పోయినప్పుడు ఆమెకి ఏడుపు రాలేదు. గూఢచారి వృత్తి అలాంటిది, ఇద్దరిదీ. పదేళ్ళుగా కీళ్ళవాతం ఆమె వేళ్ళని మెల్లగా వంకర తిప్పుతోంది. అందుకని కృష్ణమోహన్ ఏ మిషన్‌కి బయల్దేరినా ముందు వంటింట్లో మూతలన్నీ వదులు చేసి వెళ్ళేవాడు. కాఫీపొడి, మందులు, కొబ్బరినూనె. మనిషి పోయాక కూడా ఆ మూతలు వదులుగానే ఉన్నాయి. ఒక ఉదయం కాఫీపొడి అయిపోయింది. కొత్త సీసా మూత రాలేదు. తువ్వాలు చుట్టి తిప్పింది, తలుపు సందులో పెట్టి తిప్పింది. చివరికి దాన్ని బల్లమీద పెట్టి ఎదురుగా కూర్చుంది. పగ ఆమెలో పుట్టింది అంత్యక్రియల దగ్గర కాదు, ఆ సీసా ముందు.

రెడ్‌మండ్‌లో ట్యాక్స్ కన్సల్టెంట్ బోర్డు వెనక వాళ్ళ విభాగం ఆఫీసు ఉంది. చీఫ్ సూర్యప్రకాశరావు బ్రీఫింగ్ క్లుప్తంగా ఇచ్చాడు. టార్గెట్ త్రివేణి. ఒకప్పుడు విభాగంలో అందరికన్నా అందమైన, అందరికన్నా చురుకైన ఏజెంట్, వసుమతి శిష్యురాలు. ఇప్పుడు డబుల్ ఏజెంట్, ఒక విదేశీ ముఠా మనిషి. బాతెల్‌లోని ఒక ల్యాబ్ నుంచి ఆ ముఠా ప్రమాదకరమైన వైరస్ సాంపిల్ ఎత్తుకుపోయింది. శనివారం మధ్యాహ్నం అది కెన్‌మోర్ దగ్గర సరస్సు మీదనుంచి సీప్లేన్‌లో సరిహద్దు దాటబోతోంది. త్రివేణి జుట్టు మారుస్తుంది, ముఖం మారుస్తుంది. నడకని పట్టుకోగలిగింది వసుమతి ఒక్కతే. చూడాలి, కాలర్ మైక్‌లో "వాన వెలిసింది" అనాలి. మిగతాది టీమ్ చూసుకుంటుంది.

"నాకు తుపాకీ కావాలి," అంది వసుమతి.

"వాటర్ బాటిల్ మూత తీయలేవు వసుమతీ. తుపాకీ ఏం చేసుకుంటావు?"

"మూత తీయలేను కాబట్టే అడుగుతున్నాను."

ఆయుధాల గదిని చూసే ఇషిత అమెరికాలో పుట్టిన మనిషి. నలభై దాటినా వసుమతిని ఆంటీ అనే పిలుస్తుంది. ఆమె ముందుగా రివాల్వర్ ఇచ్చింది. తూటాలు పెట్టడం సులువే, కానీ ట్రిగర్ బరువుకి వసుమతి వేలు సగంలో ఆగిపోయింది. తర్వాత మామూలు నైన్ ఎమ్ఎమ్ పిస్టల్. తూటా లోపలికి ఎక్కడానికి వెనక్కి లాగే పైభాగాన్ని, స్లైడ్‌ని, వేళ్ళతో లాగొద్దనీ, అరచేత్తో పైనుంచి పట్టుకుని రెండో చేత్తో తుపాకీనే ముందుకి నెట్టమనీ ఇషిత చూపించింది. రెండుసార్లు వచ్చింది. మూడోసారి బొటనవేలి మొదట్లో నొప్పి మెరుపులా కొట్టింది. స్లైడ్ తేలిగ్గా కదిలే మోడల్ ఒకటి నచ్చేదే, కానీ దాని పిడి వెనక సేఫ్టీ గట్టిగా నొక్కితే తప్ప పేలదు. వసుమతి పట్టు ఒకసారి చాలుతుంది, ఒకసారి చాలదు.

చివరికి అరచేతిలో ఇమిడే చిన్న పాయింట్ టూ టూ పిస్టల్ బల్లమీదకి వచ్చింది. పక్కనున్న మీట నొక్కగానే బ్యారెల్ వెనకభాగం పైకి లేచింది. తూటా అందులో జారవిడిచి మూస్తే సరి, స్లైడ్ లాగే పనే లేదు.

"బట్ ఫస్ట్ షాట్‌కి ట్రిగర్ హెవీ, ఆంటీ. వెనకున్న ఈ హామర్‌ని లాగితే లైట్ అవుతుంది. మీ థంబ్‌తో అది రాదు." ఇషిత బ్యారెల్ మూసింది. "ఇంకో వియర్డ్ థింగ్. దీనికి ఎక్స్‌ట్రాక్టర్ లేదు. స్లైడ్ లాగినా లోపల రౌండ్ బయటికి రాదు, బ్యారెల్‌లోనే ఉంటుంది. ఎంప్టీ అనుకుంటే డేంజర్."

"స్లైడ్ లాగితే హామర్ కూడా వెనక్కి వెళ్తుందా?"

"వెళ్తుంది. అప్పుడు ట్రిగర్ సూపర్ లైట్. కానీ లాగడానికి స్ట్రాంగ్ హ్యాండ్స్ కావాలి కదా."

"దొరుకుతాయిలే," అంది వసుమతి.

ఆయుధం ఖాళీ చేయడానికి మూడు పనులని ఆమె ప్రతి బ్యాచ్‌కీ చెప్పేది. మేగజైన్ తీయి. స్లైడ్ లాగు. లోపలికి కళ్ళతో చూడు. త్రివేణి మూడోది ఏనాడూ చేయలేదు. తన చేతులమీద ఆమెకి అంత నమ్మకం.

శనివారం సన్నగా జల్లు పడుతోంది. వసుమతి వాకర్ నెట్టుకుంటూ వచ్చి, సీప్లేన్ ఆగే చెక్కల డాక్ చివర బెంచీ మీద కూర్చుంది. మారువేషం అక్కర్లేకపోయింది, వయసే చాలు. సీప్లేన్ ఇంజన్ మొదలైంది. తెల్లజుట్టు విగ్గుతో, ఐస్‌బాక్స్ పట్టుకుని, టూరిస్టులా ఒకామె చెక్కలమీద నడిచి వచ్చింది. ముఖం కొత్తది. నడక పాతదే.

వాన వెలిసింది అనాలి. రెండే మాటలు. వసుమతి వాటిని నాలుక కిందే ఉంచుకుంది. టీమ్ వస్తే త్రివేణి అరెస్టవుతుంది, లాయర్ వస్తాడు, బేరాలు మొదలవుతాయి. విమానం ఎగిరిపోతే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. అది తెలిసీ నోరు మెదపలేదు. తనలో ఇంత స్వార్థం ఉందా అని తనే ఆశ్చర్యపోయింది.

త్రివేణి ఆమెని చూసి నవ్వింది. ఐస్‌బాక్స్ కింద పెట్టి, వంగి, కాలర్ మైక్ పీకి నీళ్ళలో పడేసింది. వాకర్ సంచిలోంచి పిస్టల్ తీసింది. మేగజైన్ సరస్సులోకి. స్లైడ్ ఒక్క ఊపున వెనక్కి. ఏదీ ఎగిరి పడలేదు.

"చాంబర్‌లో రౌండ్ కూడా లేదు. లోడ్ చేయడం కూడా చేతకాలేదా మేడమ్?" పిస్టల్‌ని వసుమతి ఒళ్ళో పడేసింది. "ఉంచుకోండి, ఇషితకి తిరిగి ఇవ్వాలిగా."

"ఆయన్ని ఎందుకు?"

"ఆయన నన్ను గుర్తుపట్టారు. అంతే మేడమ్, పర్సనల్ ఏం లేదు."

"మరి నన్ను?"

"మిమ్మల్నా? మీ మందుల సీసాల మూతలు తీసిపెట్టిన దాన్ని. ఇంక మిమ్మల్ని చంపడం దేనికి?"

ఐస్‌బాక్స్ అందుకుని, కుడిచేత్తో దాన్ని పట్టుకుని, ఎడమచేత్తో విమానం కమ్మీ అందుకుంది. ఒక కాలు లోపల పెట్టింది.

వసుమతి రెండు చేతులతో పిస్టల్ ఎత్తింది. గురి వీపు మధ్యన ఉంది. వేలు ఆనిందో లేదో, శిష్యురాలి బలం బిగించి ఇచ్చిన హామర్ పడింది.

బ్యారెల్‌లోనే ఉండిపోయిన తూటా త్రివేణి కుడిచేతి కణుపుల్లోంచి పోయింది. ఐస్‌బాక్స్ చెక్కలమీద పడి దొర్లి, వసుమతి వాకర్‌కి తగిలి ఆగింది. తాళం చెక్కుచెదరలేదు. చప్పుడు విని టీమ్ పరుగెత్తుకొచ్చింది. పైలట్ చేతులు పైకెత్తాడు.

"గుండెకి గురిపెట్టి తప్పావా?" అన్నాడు సూర్యప్రకాశరావు. కోడ్‌వర్డ్ ఎందుకు రాలేదని మాత్రం అప్పుడు అడగలేదు.

ఆమె ఆలోచించింది. చివరి క్షణంలో బ్యారెల్‌ని పక్కకి లాగింది నొప్పో, కాఫీపొడి సీసానో ఆమెకే తేలలేదు.

అంబులెన్స్‌లో, చేతికి పెద్ద కట్టుతో, త్రివేణి మంచినీళ్ళు అడిగింది. వసుమతి సంచిలోంచి సీల్ తీయని బాటిల్ తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

"మూత నువ్వే తీసుకోవాలి త్రివేణీ. నాకు రాదని తెలుసుగా."