గుమ్మం తొక్కని వియ్యపురాలు

పొంగొచ్చిన పాలగిన్నెను రాఘవమ్మ ఉత్త చేత్తో పొయ్యి మీంచి దించేసింది. మసిగుడ్డ లేదు, పట్టకారు లేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న ప్రమీలారాణి చప్పట్లు కొట్టినంత పనిచేసింది.

"అత్తయ్యా! మీకు కాలదా?"

"అలవాటైపోయిందే అమ్మాయ్. పదేళ్ళు పొయ్యి దగ్గర కూచుంటే నీకూ అవుద్ది."

పెళ్ళై మూడు నెలలు. నందిగామ నుంచి జగ్గయ్యపేటకు కాపురానికి వచ్చినప్పటి నుంచీ ప్రమీలకు ప్రతిదీ సంబరమే. పెరట్లో బచ్చలితీగ దడి ఎక్కితే సంబరం. బ్యాంకు నుంచి వచ్చే భర్త భవానీప్రసాద్ వీధి మలుపులోనే సైకిల్ బెల్లు రెండుసార్లు కొడితే సంబరం. బీయే చదివిన పిల్లకి వంటేం వస్తుందన్న వాళ్ళ నోళ్ళు మూయిస్తూ, అత్తగారు విసుక్కోకుండా అన్నీ నేర్పిస్తుంటే మరీ సంబరం.

అర్థం కానిది ఒక్కటే ఉంది. నెలకో బుధవారం పొద్దున్నే రాఘవమ్మ సంచీ పట్టుకుని బయల్దేరుతుంది. "చందర్లపాడు పోయి మా చెల్లెల్ని చూసొస్తా" అంటుంది. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటుంది. వస్తూనే ఆకలితో కంచం ముందు కూచుంటుంది. చెల్లెలింటికి వెళ్ళిన మనిషి అన్నం తినకుండా వస్తుందా?

ఆ ఉదయమే తల్లి బసవమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "మీ అత్తగారు నెలనెలా మా ఊరొచ్చి, మా వీధి చివర నుంచే తిరిగి వెళ్తోందట. కిరాణా కొట్టు బుల్లిబాబు పెద్దాసుపత్రి దగ్గర రెండుసార్లు చూశాడు. వియ్యపురాలి గుమ్మం తొక్కలేనంత తప్పు మేమేం చేశాం? ఆదివారం వచ్చి ఆవిడనే అడుగుతా."

ప్రమీల ఉత్తరం మూడుసార్లు చదివింది. ఆసుపత్రి ఏమిటి? చందర్లపాడు కదా వెళ్ళేది? రాత్రి భోజనాల దగ్గర భర్తను మెల్లగా కదిపింది.

"ఏవండీ, అత్తయ్య ఆరోగ్యం బానే ఉందా?"

"అమ్మకేం? పాలగిన్నె చేత్తో దించేస్తుంది. నువ్వేగా చెప్పావ్!"

నిజమే, తనే చెప్పింది. మరైతే ఆ దిగులు ఎందుకు పోదు?

బుధవారం అత్తగారు వెళ్ళిన గంటకు ప్రమీల కూడా నందిగామ బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికినా ఆ పూట సంతోషం కలగలేదు. ఆసుపత్రి వరండా చివరి గది ముందు, బల్ల మీద పదిమందితో పాటు రాఘవమ్మ తల వంచుకుని కూచుని ఉంది. ప్రమీల గబుక్కున స్తంభం చాటుకు తప్పుకుంది. అక్కడే బల్ల వేసుకుని కార్డులు రాస్తున్న నడివయసు ఉద్యోగి కనిపించాడు. జేబు మీద ప్రేమదాసు అని పేరుంది.

"ఏవండీ, ఆ నేతచీర పెద్దావిడకి జబ్బేంటి?"

"మీరేమవుతారమ్మా ఆవిడకి?"

"కోడల్నండి."

"అయితే ఇంటికెళ్ళాక ఆవిడనే అడగండి."

"కోడలిక్కూడా చెప్పరా?"

"కొడుకొచ్చినా చెప్పను. ఎవరి జబ్బు వాళ్ళది తల్లీ. చెప్పే హక్కు వాళ్ళదే."

"ఇదెక్కడి రూలండీ?"

"మా కొత్త డాక్టరమ్మ పెట్టింది. రాగానే పేషెంట్లని కూచోబెట్టి మీకేం కావాలని అడిగింది. మంచి మందులంటారనుకున్నాం. 'మా ఊళ్ళో ఇవ్వొద్దు, పక్కూళ్ళో ఇవ్వండి' అన్నారు అందరూ! ఈ ఊళ్ళ సంగతి పైనుంచొచ్చే కాయితాల్లో ఉండదు, ఇక్కడోళ్ళనే అడగాలంటుంది. ఇప్పుడు జగ్గయ్యపేట వాళ్ళకిక్కడ, ఇక్కడి వాళ్ళకక్కడ. మందులివ్వడానికెళ్ళినా, వీధిలోవాళ్ళు గుర్తుపడతారని నా సైకిల్ కూడా ఎవరింటి ముందూ ఆపను."

ప్రమీల అత్తగారి కంట పడకుండా వెనక్కి వచ్చేసింది. బస్సులో ఏవేవో జబ్బులు గుర్తొచ్చాయి. కేన్సరా? గుండెజబ్బా? అడిగితే తప్పు, అడక్కపోతే ప్రేమ లేనట్టు. ఏది ఒప్పో తెలియక, దిగాల్సిన చోటు దాటి ఇంకో స్టాపులో దిగింది.

ఆదివారం పదింటికి బసవమ్మ రిక్షా దిగింది. చేతిలో పళ్ళ సంచీ లేదు. రాఘవమ్మ తెచ్చి ముందు పెట్టిన కాఫీ గ్లాసు వైపు చూడనైనా లేదు.

"కాఫీలకి రాలేదొదినా. మా ఊళ్ళో ఆసుపత్రి గుమ్మం తొక్కుతావు, మా గుమ్మం తొక్కవు. పిల్లనిచ్చింది మీకు, పగోళ్ళకి కాదుగా?"

"అమ్మ వెళ్ళేది చందర్లపాడండీ," అన్నాడు భవానీప్రసాద్ అయోమయంగా. "బుల్లిబాబు ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో!"

"బుల్లిబాబు కళ్ళు పోయాయా బాబూ? చెప్పొదినా, మేం లోకువయ్యామా? ఇవాళ నోరిప్పకపోతే నా పిల్లని తీసుకుపోతా."

రాఘవమ్మ చేతివేళ్ళు కొంగును నలుపుతున్నాయి. ప్రమీలకు వరండా గుర్తొచ్చింది. చెప్పే హక్కు ఆవిడది. మరి చెప్పకుండా ఆవిణ్ణి కాపాడటం ఎలా?

"నేనే వెళ్ళొద్దన్నానమ్మా," అంది ఉన్నట్టుండి.

"ఏంటే?"

"మనిల్లు పాతది కదా. గోడలు పెచ్చులూడి... అత్తయ్య చూస్తే నాకు నామోషీ అని."

బసవమ్మ ముఖం తెల్లబోయింది. "పుట్టిల్లు నామోషీ అయిందా నీకు?" అంటూ అక్కడే కూలబడింది. తల్లి కళ్ళల్లో నీళ్ళు చూసి ప్రమీల ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. అన్నమాట వెనక్కి తీసుకోడానికి లేదు.

రాఘవమ్మ కోడలి వైపు తేరిపార చూసింది.

"ఆసుపత్రికొచ్చావా అమ్మాయ్?"

ప్రమీల తలూపింది. "ఏం జబ్బో నాకు తెలీదత్తయ్యా. వాళ్ళు చెప్పలేదు. మీరూ చెప్పక్కర్లేదు."

"చెప్తా. నా కోసం కన్నతల్లిని ఏడిపిస్తుంటే చూస్తూ ఊరుకోనా?" రాఘవమ్మ జాకెట్టు చేయి పైకి లాగింది. మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ. "పెద్దరోగం అంటారే, కుష్టు. ఇక్కణ్ణుంచి చిటికెన వేలు దాకా స్పర్శ లేదు. మందు వేసుకుంటుంటే ఎవరికీ అంటదన్నారు, తగ్గుద్దన్నారు. కానీ ఒదినా, నీ ఇంటికొస్తే నీ గ్లాసులో తాగాలిగా? రేపెప్పుడో తెలిస్తే, దాచి తాగిందనవూ? అందుకే రాలేదు."

భవానీప్రసాద్ తల్లి పక్కన కూలబడి ఆ చేయి పట్టుకున్నాడు. ప్రమీలకు పాలగిన్నె కళ్ళముందు మెదిలింది. చప్పట్లు కొట్టబోయింది తను! ఆ చేతికి కాలకపోవడం చూసి మురిసిపోయింది తను!

బసవమ్మ కాఫీ గ్లాసు మీదికి చేయి చాపి, ఆగింది.

"భయంగానే ఉందొదినా. అబద్ధమెందుకు?" అంది. తర్వాత గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. "చల్లారిపోయింది. చక్కెరా తక్కువే."

రాఘవమ్మ ఏడుస్తూనే నవ్వింది.

"పిచ్చిదానివి. చందర్లపాడని ఎందుకు చెప్పావ్?" బసవమ్మ కళ్ళు తుడుచుకుంది. "వియ్యపురాలింటికి అంటే ఎవడడుగుతాడు? ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికే రా. పెచ్చులూడిన గోడలే, చూసి పో."

"అమ్మా, అది నేను..."

"తెలిసిందిలేవే. తిట్టడానికి తర్వాతొస్తా."

మర్నాడే ప్రమీల పొయ్యి పక్కన దళసరి మసిగుడ్డ కుట్టి తగిలించింది. పాలగిన్నె పొంగితే అత్తగారి కంటే ముందే పరిగెత్తేది.

తరువాతి నెల బుధవారం బస్టాండులో ప్రమీల రాఘవమ్మ చేతికి ములక్కాడల సంచీ అందించింది. ఆవిడ బస్సెక్కగానే కండక్టరు ఎక్కడికని అడిగాడు. ఎప్పుడూ గొణిగినట్టు చెప్పే రాఘవమ్మ బస్సంతా వినిపించేలా అంది.

"నందిగామ! మా వియ్యపురాలింటికి!"

ముందు ఆసుపత్రికి, తర్వాతే వియ్యపురాలింటికి. అది సగం నిజమా, పూర్తి నిజమా? ప్రమీలకు తేలలేదు. బస్సు కనుమరుగయ్యేదాకా చేయి ఊపుతూ అక్కడే నిలబడింది.