గురువారం వంతు

ఆ రోజు పొద్దున్నే పెయింట్లావిడ కూనిరాగం తీస్తూ టీ పెట్టింది. రోజూ కూతురి జడ లాగి లాగి అల్లేది కాస్తా, ఇవాళ నిదానంగా, ముద్దుగా అల్లింది. స్కూలు బూట్లు తనే తుడిచి గుమ్మం దగ్గర పెట్టింది. హాల్లో కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న అత్తగారికి అనుమానం వచ్చింది. కోడలు పొద్దున్నే ఇంత ప్రశాంతంగా ఉందంటే ఎవరికో మూడిందన్నమాటే.

"ఏంటమ్మాయ్, ఏమిటివాళ విశేషం?" అని అడిగింది.

"విశేషమేముందత్తయ్యా, గురువారం కదా."

అత్తగారు టీ కప్పు కింద పెట్టేసింది. గురువారం అంటే ఏమిటో ఆ ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు.

పెయింట్లావిడ అని పేరు పెట్టింది స్కూలు తల్లులే. మొగుడికి రంగుల షాపుంది. ఆవిడ అక్కడ మిషను దగ్గర నిలబడి, గోడకి ఏ రంగు కావాలంటే ఆ రంగు కలిపి డబ్బాలకెత్తుతుంది. కూతురు చిన్నిని మంచి స్కూల్లో వేయాలని మొగుడూ పెళ్ళాం నానా తంటాలు పడి ఆ పెద్ద ప్రైవేటు స్కూల్లో చేర్పించారు. చేర్పించాక తెలిసింది, అక్కడ పిల్లల చదువు ఒక ఎత్తు, తల్లుల రాజకీయం ఇంకో ఎత్తు అని. క్లాసుకో వాట్సాప్ గ్రూపు. అందులోంచి పుట్టినరోజుల గ్రూపు. దాంట్లోంచి నచ్చనివాళ్ళని తీసేసిన ఇంకో గ్రూపు. వీటన్నిటినీ ఏలేది ప్రెసిడెంటు. ఆవిడని ఎవరూ ఎన్నుకోలేదు, తనే అయిపోయింది. టీచరుకి ఏ బహుమతి ఇవ్వాలి, ఎవరి పార్టీకి ఎవర్ని పిలవాలి, గేటు దగ్గర ఎవరితో నవ్వాలి, అన్నీ ఆవిడే తేల్చేది.

పోయినేడాది అయిదిళ్ళవాళ్ళు కలిసి కారు వంతులు వేసుకున్నారు. రోజుకో తల్లి పిల్లలందరినీ తీసుకెళ్ళి తీసుకురావాలి. గురువారం వంతు ప్రెసిడెంటుది. ఒక గురువారం మధ్యాహ్నం ఆవిడ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. "పెయింటు వాసనకి పిల్లలకి తల తిరుగుతోందట. ఇవాళ్టి నుంచి మనం నలుగురమే సర్దుకుందాం. ఏమీ అనుకోవద్దు ప్లీజ్." కింద ఒక దండం బొమ్మ. ఆ వెంటనే పెయింట్లావిడని గ్రూపులోంచి తీసేసింది.

ఆ సమయానికి పెయింట్లావిడ చేతులకి గ్లవుసులు, ఫోను సొరుగులో. సాయంత్రం ప్రెసిడెంటు తన వాళ్ళని ఎక్కించుకుని, "మీ అమ్మ వస్తుందిలే" అని చిన్నితో చెప్పి వెళ్ళిపోయింది. స్కూలు ఖాళీ అయిపోయాక గేటు దగ్గర వాచ్‌మన్ షాపుకి ఫోను చేస్తే తల్లి పరుగెత్తుకుంటూ వెళ్ళింది. పిల్ల బెంచీ మీద బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి ఉంది. లేపితే గౌను తడిసిపోయి ఉంది. "బాత్రూంకి వెళ్ళొచ్చు కదే" అంటే పిల్ల నోరు విప్పలేదు.

మర్నాడు నిలదీస్తే ప్రెసిడెంటు నవ్వుతూ, "మెసేజ్ పెట్టానుగా అండీ, చూసుకోవాలి కదా" అంది. పక్కనున్న తల్లులు ఫోన్లలోకి తలలు దించేసుకున్నారు. ఆ నవ్వు పెయింట్లావిడ కడుపులో నిప్పులు పోసింది. ఏడాదైనా చల్లారలేదు, చల్లారనివ్వలేదు కూడా.

షాపు పనికని మొగుడిచేత పెద్ద వ్యాను కొనిపించింది. పొద్దునా సాయంత్రం తనే తిప్పుతానని, ఎవరికీ వంతులక్కర్లేదని తల్లులకి చెప్పింది. అంతే, పెయింటు వాసన అందరికీ రాత్రికి రాత్రే పోయింది. ఒక్కొక్కరే ప్రెసిడెంటుని వదిలి ఇటు చేరారు. ఆ తర్వాత ప్రెసిడెంటు ఇంట్లో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. మొగుడేమో ఉద్యోగం పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. గతిలేక కూతురు డాలీని స్కూలుకి తిప్పమని పెయింట్లావిడకే ఫోను చేసింది. "దానికేం భాగ్యమండీ, డాలీని మాతో పంపించేయండి" అని ఈవిడ తేనె పూసి జవాబిచ్చింది.

ఇవాళ్టి మాటేమిటంటే, కట్టు చూపించుకోవడానికి సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాలని, వచ్చేదాకా డాలీని మీ ఇంట్లోనే ఉంచుకోండని ప్రెసిడెంటే తనంతట తను చెప్పింది.

"పాపం, చెయ్యి విరిగిన మనిషి కదే" అన్నాడు మొగుడు, షాపు తాళాలు వెతుక్కుంటూ.

"విరిగింది చెయ్యి. నోరు కాదుగా."

"పగుంటే ఆవిడతో తేల్చుకోవమ్మా. మధ్యలో ఆ పసిదేం చేసింది?" అంది అత్తగారు.

"ఆ రోజు నా పసిదేం చేసిందత్తయ్యా?"

గుమ్మంలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్న చిన్ని తలెత్తలేదు. కట్టిన ముడినే విప్పి మళ్ళీ కట్టుకుంటోంది.

మధ్యాహ్నం షాపులో బేరాల్లేనప్పుడు పెయింట్లావిడ గ్లవుసులు తీసి మెసేజ్ రాసింది. ఒక్కో మాటా రుచి చూసుకుంటూ రాసింది. "వ్యాను ఇరుకై పిల్లలకి ఊపిరాడటం లేదట. ఇవాళ్టి నుంచి డాలీని మీరే చూసుకోండి. ఏమీ అనుకోవద్దు ప్లీజ్." దండం బొమ్మ కూడా మర్చిపోలేదు. ప్రెసిడెంటు ఆస్పత్రికి బయల్దేరి ఉంటుందనుకున్నాకే పంపింది.

సాయంత్రం గేటు దగ్గర వ్యాను ఆపి, దిగి వెనక తలుపు తెరిచింది. పిల్లలు తోసుకుంటూ ఎక్కారు. చిన్ని ఎప్పటిలాగే వెనక సీట్లోకి వెళ్ళింది. డాలీ మెట్టు మీద కాలు పెట్టబోతుంటే పెయింట్లావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వాగమ్మా. మీ అమ్మ వస్తుంది ఇవాళ."

"అమ్మ ఆస్పత్రికి వెళ్ళిందాంటీ. మీ ఇంటికి రమ్మంది."

"వస్తుందిలే. అదిగో, ఆ బెంచీ మీద కూర్చో."

డాలీ ఒకసారి వ్యాను వైపు, ఒకసారి బెంచీ వైపు చూసి వెళ్ళి కూర్చుంది. పెయింట్లావిడ ముందు నుంచి తిరిగి డ్రైవరు సీట్లోకి వెళ్ళింది. అద్దం సరిచేసుకుంది, రోడ్డు కోసం కాదు, బెంచీ కోసం. డాలీ బ్యాగు ఒళ్ళోకి తీసుకోవడం అద్దంలో కనిపించింది. వెనక తలుపు ధడాలున పడింది. తలుపు పడిందంటే అందరూ ఎక్కేసినట్టే లెక్క. బండి కదిలించింది. మలుపు దాకా ఆవిడ కళ్ళు ఆ పిల్ల మీదే ఉన్నాయి.

దారిలో ఫోను మోగింది. ప్రెసిడెంటు. తీయలేదు. మళ్ళీ మోగింది. ఆ రోజు స్కూలుకి పరుగెడుతూ తను ఎన్నిసార్లు చేసినా ఆవిడ ఎత్తిందా? మోగనీ అనుకుంది. చెప్పొద్దూ, ఏడాదిగా ఏ పాట విన్నా కలగని హాయి ఆ మోతలో కలిగింది. మర్నాడు గేటు దగ్గర అందరి ముందూ "మెసేజ్ పెట్టానుగా అండీ" అని ఎలా నవ్వాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. పిల్లలు ఎందుకో కిక్కురుమనడం లేదు. మంచిదే అనుకుంది. ఒక్కొక్కరినీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దగ్గర దించుతూ ఇంటికొచ్చింది.

వ్యాను చప్పుడు విని అత్తగారు బయటికి వచ్చింది. ఖాళీ సీట్ల వైపు చూసింది.

"పిల్లేదమ్మా?"

"చెప్పానుగా అత్తయ్యా, దాన్ని అక్కడే..."

"డాలీ సంగతి కాదు. మన పిల్లేది?"

పెయింట్లావిడ వెనక్కి తిరిగింది. వెనక సీటు ఖాళీ. ఎందుకో సీటు కిందికి కూడా వంగి చూసింది. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తింది.

"ఏమండీ, ఎన్నిసార్లు చేయాలి? మీ పాపని గేటు దగ్గర వదిలేసి వెళ్ళారు" అంది ప్రెసిడెంటు.

తిరుగుదారి ఆవిడకేం గుర్తులేదు. ఎదురొచ్చిన బండివాళ్ళ తిట్లు గుర్తున్నాయి, అంతే.

గేటు దగ్గర బెంచీ మీద ఇద్దరు పిల్లలూ ఆనుకుని కూర్చుని ఉన్నారు. చిన్ని ఒళ్ళో రెండు బ్యాగులున్నాయి. పక్కనే ప్రెసిడెంటు నిలబడి ఉంది, చేతికి కట్టు, చెదిరిన జుట్టు. కట్టు చూపించుకోకుండానే టాక్సీలో వచ్చేసినట్టుంది. పెయింట్లావిడ వెళ్ళి కూతుర్ని వాటేసుకుంది. చిన్ని మెల్లిగా విడిపించుకుంది.

"ఎందుకు దిగావే? నాతో చెప్పొద్దూ?"

"దిగి తలుపు వేసి, అక్కడే నుంచున్నానమ్మా. నువ్వు చూసి అరుస్తావనుకున్నా. నువ్వు డాలీనే చూస్తున్నావు. నన్ను చూడనేలేదు."



"మిగతావాళ్ళయినా చెప్పలేదేం?"

"నేనే చెప్పొద్దన్నాను. ఇంటికెళ్ళేలోపు నీకే తెలుస్తుందనుకున్నా."

"అయినా, దాని కోసం నువ్వెందుకు దిగడం?"

చిన్ని ఒళ్ళోని బ్యాగుల్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "బాత్రూంకి వెళ్ళాలంటే బ్యాగు ఎవరైనా చూడాలి కదమ్మా. ఆ రోజు నా బ్యాగు చూసేవాళ్ళు లేరు. వదిలి వెళ్తే, ఈలోపు నువ్వొచ్చి నేను లేననుకుని వెళ్ళిపోతావేమోనని భయమేసింది."

పెయింట్లావిడ బెంచీ మీద కూలబడిపోయింది. ఏడాదంతా ఆ తడిసిన గౌనుని తలుచుకుని పళ్ళు కొరికింది గానీ, పిల్ల ఎందుకు లేవలేదో మళ్ళీ ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. పగ తనదై కూర్చుంది, బెంచీ మాత్రం పిల్లదిగానే మిగిలిపోయింది. ఏడుపు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. వాచ్‌మన్ చూస్తున్నాడని కూడా లేకుండా, కూతురి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. కాసేపయ్యాక ఒక చిన్న చెయ్యి ఆవిడ తల మీద పడింది.

ప్రెసిడెంటు అటు తిరిగి నిలబడింది. అటు తిరిగే మాట్లాడింది. "ఆస్పత్రి గుమ్మంలో మీ మెసేజ్ చూశాను. మాటలు నావేనని గుర్తుపట్టాను. మిమ్మల్ని తిడదామనే బయల్దేరాను. వచ్చేసరికి మీ పాప మా దాని బ్యాగు పట్టుకుని కూర్చుంది." ఇటు తిరిగింది. "ఆ రోజు మీ పాపని వదిలి వెళ్ళడం నా తప్పేనండీ."

ఏడాదిగా పెయింట్లావిడ వినాలనుకున్న మాట అదే. తీరా విన్నాక అందులో రుచే లేదు. పైట చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇవాళ్టిది నా తప్పు. రండి, ఆస్పత్రి దగ్గర దింపుతాను. పిల్లలు మా ఇంట్లో ఉంటారు."

ప్రెసిడెంటు విరిగిన చెయ్యి కాచుకుంటూ ముందు సీట్లోకి ఎక్కి, తెలియకుండానే ముక్కు చిట్లించింది.

"వాసనొస్తోందా?" అంది పెయింట్లావిడ.

ప్రెసిడెంటు తడబడింది. "వస్తోంది."

"పెయింటు మరి. అద్దం దించుకోండి."

వెనక తలుపు ధడాలున పడింది. పెయింట్లావిడ తాళం మీద చెయ్యి వేసి ఆగింది.

"ఎక్కావా చిన్నీ?"

"ఎక్కాను. ఈసారి తిరిగి చూసుకో."

పెయింట్లావిడ తాళం మీద నుంచి చెయ్యి తీసి, పూర్తిగా వెనక్కి తిరిగి చూసింది.