మూసిన తలుపు వెనక మిషను చప్పుడు

ఈ సంగతి మొదట నాకు చెప్పింది వెనక వీధి సెలూనువాడు. కత్తి గొంతు మీద పెట్టి మరీ చెప్పాడు గనక మధ్యలో అడ్డుపడే వీలు లేకపోయింది. ముందు వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తాను. తప్పులు తరవాత తేలుద్దాం.

ముందు వీధిలో ఒక ఇల్లుంది. తలుపు మూసి ఆరేళ్ళయింది. గొళ్ళేనికి తుప్పు, గడప పక్కన మోకాలెత్తు గడ్డి. పగలు ఎవరూ పట్టించుకోరు. దీపాలు పెట్టే వేళ దాటితే మాత్రం పిల్లలు ఆ కాస్త దూరం పరుగెత్తే దాటతారు. ఎందుకంటే — లోపల కుట్టుమిషను తిరుగుతుంది. గరగర... గరగర... ఆగుతుంది. ఎవరో దగ్గుతారు. మళ్ళీ గరగర...

ఎదురుగా ఒక అక్కగారి ఇల్లు. సెలవులకని ఆవిడ తమ్ముడు పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని దిగాడు. వాడు పుట్టి పెరిగిన వీధే అది. చిన్నప్పుడు గోలీకాయంత ఉండేవాడని అందరూ బుడ్డోడు అనేవారు. ఇప్పుడు గుమ్మంలో పక్కకి తిరిగి దూరాలి.

కూతురికి పదేళ్ళు. లైటు వెలుగుతుంటేనే పడుకుంటుంది. మిషను సంగతి వచ్చిన రోజే వీధి పిల్లలు చెవిన వేశారు, ఇక చెప్పాలా! బుడ్డోడికి అక్క ముందు తల కొట్టేసినట్టయింది.

“ఇంకా ఈ భయమేంటే? నీ వయసులో నేను ఈ వీధంతా చీకట్లో ఒక్కణ్ణే తిరిగేవాణ్ణి.”

“ఇప్పుడు తిరుగు చూద్దాం,” అంది పిల్ల. “ఆ ఇంటి తలుపు మూడుసార్లు కొట్టి రా నాన్నా. కొట్టావా, ఈ రాత్రే లైటు ఆర్పేస్తా. కొట్టకుండా వచ్చావో — ఇక జన్మలో నా లైటు జోలికి రాకూడదు.”

“వెళ్ళండి, వెళ్ళండి,” అంది పెళ్ళాం. “పెళ్ళయినప్పట్నుంచీ మీ ధైర్యం గురించి వింటూనే ఉన్నా. ఒక్కసారి కళ్ళారా చూస్తాను.”

అక్క మాత్రం నవ్వలేదు. “ఆ గడప తొక్కకురా...” అంది గొంతు తగ్గించి.

“ఏం? ఎందుకూ?”

“వద్దంటే వద్దు.” మొహం తిప్పేసుకుంది.

బుడ్డోడు ఆ మూసిన తలుపు వైపు చూశాడు. ఆ ఇల్లు ఎవరిదో వాడికి తెలుసు. టైలరు మామది. బడికెళ్ళడానికి వాడి మొదటి నిక్కరు కుట్టింది ఆయనే. ఆరేళ్ళ కింద అక్కే ఫోనులో చెప్పింది — “టైలరు మామ... పోయాడురా.” ఆ పూట వాడికి ముద్ద దిగలేదట.

పోయినాయన మిషను ఇప్పుడెవరు తొక్కుతున్నట్టు?

కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. వెనక్కి తిరిగితే ఉన్న పరువు కాస్తా పోతుంది. వీధి దాటాడు.

ఒకటి కొట్టాడు. గరగర...

రెండు. గరగర...

మూడు — మిషను ఆగింది.

తలుపు చెక్కల మధ్య వేలెడు సందు. అందులోంచి పసుపచ్చటి వెలుతురు. వద్దు వద్దనుకుంటూనే కన్ను ఆనించాడు.

తెల్లటి జుట్టు. మెడలో వేలాడుతున్న టేపు. ఆయనే!

“మ... మామా...” అన్నాడు తనకు తెలీకుండానే.

ఆయన తలెత్తి నేరుగా సందులోకి చూశాడు. పెదవులు కదల్లేదు... మాట మాత్రం వచ్చింది, పళ్ళ మధ్య నుంచి, బుసకొట్టినట్టు —

“ఈ గొంతు... బుడ్డోడివా? ఎన్నాళ్ళకొచ్చావురా... రా... నీ కొలతలు తీసుకోవాలి.”

ఏ గుడ్డ కోసం కొలతలో కనుక్కోడానికి బుడ్డోడు అక్కడ ఆగలేదు. ఒక చెప్పు మాత్రం ఆగింది.

“మూడూ కొట్టావు నాన్నా, నేను లెక్కపెట్టాను!” అంది కూతురు. మాట మీద నిలబడే పిల్ల. పడుకునే వేళకి తనే వెళ్ళి స్విచ్చి మీద చెయ్యి వేసింది.

“ఉండనీలేమ్మా...” అన్నాడు బుడ్డోడు, దుప్పట్లోంచి. “ఇవాళ్టికి... లైటు ఉండనీ.”

మర్నాడు గడ్డానికి వచ్చి ఇదంతా సెలూనువాడికి తనే చెప్పుకున్నాడట. వాడు అసలు సంగతి తెలిసుండి కూడా నోరు మెదపకుండా పంపించేశాడు. వాడి బుద్ధి ఎప్పుడూ అంతే.

సెలూనువాడు కత్తి తీశాక నేను అద్దంలో చూసుకున్నాను. చెంపల మీద సబ్బు. మెడలో టేపు.

ఆ దెయ్యాన్ని నేనే.

నేను పోలేదు. ఆరేళ్ళ కింద ఆ అక్కగారు జాకెట్టుకి ఒక చెయ్యి పొడుగైందని నన్ను నలుగురిలో నిలదీసింది. చెయ్యి సరిగ్గానే ఉంది. ఆవిడ ఎడమ భుజమే అరంగుళం కిందికి ఉంటుంది. ఆ రోజే ఆ వీధి తలుపు మూసి వెనక వీధివైపు తెరిచాను. “నా వరకూ ఆయన పోయాడు” అని ఆవిడ ఊరంతా చెప్పుకుంది. ఫోనులో మొదటి ముక్క రాలిపోయినట్టుంది. ఇక పెదవులంటారా, వాటి మధ్య గుండుసూదులున్నాయి. పని చేసే టైలరు నోట్లో ఉండేవే అవి. నేను బుసకొట్టనూ లేదు.

ఆ వీధివాళ్ళు ఎవరైనా ఇది చదివితే, సెలవులు అయిపోయేలోగా బుడ్డోడికి ఉన్నమాట చెప్పండి. నేను మాత్రం ఆ వీధి తొక్కను. వాడికో చొక్కా కుడదామని మంచి గుడ్డ తీసి పెట్టాను. వెనక వీధి నుంచి పగటిపూట రమ్మనండి. కొలతలప్పుడు పొట్ట లోపలికి లాక్కోవద్దని కూడా చెప్పండి.