ఏసీ గదిలో ఉడుత

"మన కొరియర్‌ని లిఫ్ట్‌లోనే కాల్చి చంపేశారు" అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ముఠా సిస్టమ్ పాస్‌వర్డ్ అతనితోనే పోయింది. ఇక నీ లాప్‌టాపే దిక్కు. సొరంగంలోకి రెండు రైళ్లను ఎదురెదురుగా వదులుతున్నారు. సిగ్నల్స్, రేడియో అన్నీ వాళ్ల పాటల స్టూడియో గుప్పిట్లో ఉన్నాయి. పోలీసులు ముందే లోపలికి దూకితే, వాళ్లు అంతా లాక్ చేసేస్తారు, ఇక రైళ్లను ఎవరూ ఆపలేరు."

"ఒక రైలు మా చెల్లెలు నడుపుతోంది సార్."

"అయితే త్వరగా కానివ్వు, ఉడుతా" అన్నాడు చీఫ్.

ఎంత ఇరుకు సందులోనైనా దూరగలడని డిపార్ట్‌మెంట్‌లో అతణ్ణి ఉడుత అంటారు. ఏసీ మెకానిక్ వేషంలో స్టూడియో వెనకున్న ఏసీ గదిలోకి దూరాడు. ముఠా కేబుల్‌కి లాప్‌టాప్ తగిలించి, కోడ్ బద్దలుకొట్టే ప్రోగ్రామ్ నడిపాడు.

అంతే. ప్రాసెసర్ సలసల కాగింది. ఫ్యాన్ విమానంలా రొద పెట్టింది.

గోడకున్న జాలీ అవతల ముఠా నాయకుడు హెడ్‌ఫోన్స్ సర్దుకున్నాడు. పాటల్లో రహస్య ఆదేశాలు దాచి పంపడం అతని పద్ధతి. మైక్ ముందు మైనా పాడుతోంది. ఆ అందగత్తె రెండు వైపులా జీతం తీసుకుంటుంది. ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"ఆగు! గుయ్యిమని ఏంటా శబ్దం?"

ఉడుత గబగబా ప్రాసెసర్ పవర్ తగ్గించాడు. వేడి దిగింది, ఫ్యాన్ సద్దుమణిగింది. కానీ స్క్రీన్ మీద పని ఎంతయిందో చూపే గీత చీమలా పాకుతోంది. ఇలాగైతే చెల్లెలు దక్కదు. పవర్ పెంచితే మళ్లీ రొద. ఫ్యాన్ ఆపేస్తే వేడికి మెషినే నీరసించిపోయింది.

లాప్‌టాప్ అడుగు మూత ఊడదీశాడు. ఒక్కసారి చల్లగాలి తగిలితే చాలు! రికార్డింగ్ కోసం ఏసీ ఆపేశారే!

నాయకుడు పిస్టల్ తీసి జాలీ వైపు నడిచాడు.

మైనా జాలీ వైపు ఓసారి చూసింది. "ఈ ఉక్కకి గొంతు ఎండిపోతోంది. ఏసీ వేస్తావా, నీ పాట నువ్వే పాడుకుంటావా?"

"రికార్డింగ్‌లో శబ్దం పడుతుంది!"

"తర్వాత తీసేసుకో. అయినా ఆ గుయ్యి కూడా నీ ఏసీదే అయ్యుంటుంది."

అతను విసుక్కుంటూ స్విచ్ నొక్కాడు. ఏసీ హోరెత్తింది. ఆ హోరు చాటున ఉడుత పవర్ పూర్తిగా పెంచి, లాప్‌టాప్‌ని చల్లగాలికి ఎదురుగా పట్టుకున్నాడు. దాని లోపలి రాగి గొట్టాలు తగిలి వేళ్లు చుర్రుమంటున్నా వదల్లేదు. "తల్లీ, కాస్త ఆగవే" అని గొణిగాడు. చెల్లెలితోనో, మెషిన్‌తోనో!

కోడ్ బద్దలైంది. ఎంటర్ కొట్టాడు. సొరంగంలో సిగ్నల్స్ అన్నీ ఎర్రబడ్డాయి. ఎదుటి రైలు లైటు కళ్లలో పడుతుండగా చెల్లెలు బ్రేకు లాగిపట్టింది. రెండు ఇంజన్లూ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగాయి.

పోలీసులు దూకేసరికి మైనా నాయకుడి పిస్టల్‌ని లాక్కుని అతనికే గురిపెట్టి నిలబడి ఉంది.

హాస్పిటల్లో డాక్టర్ కాలిన వేళ్లకు మందు రాస్తూ అడిగాడు. "ఏం చేస్తుంటే కాలాయి?"

"టైపింగ్ సార్."

డాక్టర్ కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఈసారి కాస్త నిదానంగా కొట్టండి."